లెక్కకు రాని రెండు సుక్కలు

ఆదివారం పొద్దున
నీలం డబ్బా భుజాన ఏసుకొని
మర్రిగూడ దిక్కు మట్టిబాటల దిగిన.
డబ్బాల నాలుగు మంచుగడ్డలు, ఒక్క సీసా.
సంచిల సుద్దముక్క, నల్లసిరా కలం,
మూలలు మడతవడ్డ రిజిష్టరు.
గూడెంల ముప్పై ఒక్క ఇండ్లు.
ముప్పై తలుపుల మీద సుద్దతోటి గుర్తు ఏసిన.
ఆఖరి ఇంటి ముంగట
ఈదమ్మ అడ్డం కూసున్నది.

ఆమె నడుము ఎన్నడో
నేలను చూసుడు మొదలువెట్టింది.
నన్ను చూడాల్నంటే మెడ తిరగదు,
మొత్తం మనిషే తిరగాలె.

"ఏం దెచ్చినవ్?"
"పోలియో సుక్కలమ్మా, నీ మునిమనుమరాలికి."
"నీళ్ల లెక్కనే ఉన్నయి గదనే."
"నీళ్లు గావు, మందు."
"బోరింగు ఏసిన్నాడు గూడ గిట్లనే చెప్పిన్రు.
కొబ్బరికాయ కొట్టిన్రు.
బావినీళ్లు తాగకుండ్రి రోగాలొస్తయి,
గివ్వి మంచియి అన్నరు.
తియ్యగుండె బిడ్డా ఆ నీళ్లు.
బిందెలకు బిందెలు తాగినం.
ఎముకలల్ల ఏం చేరిందో
వంగినంక ఎరుకైంది."

ట్రైనింగుల నేర్పిన జవాబులు
నా తాన చానా ఉన్నయి.
ఒక్కదానికీ వంగిన నడుము లేదు.

"అడుగమ్మా" అన్న,
డబ్బా కింద వెట్టి ఆమె పక్కన కూసొని.
"నీకు ఏం అనుమానముంటే గది అడుగు."

"ఎండల తెస్తివి. చెడిపోలేదా?"
సీసా మీది గుర్తు చూపెట్టిన.
ఊదా గుండ్రం నడుమ తెల్ల గడి.
గడి తెల్లగున్నన్ని దినాలు మందు బతికున్నట్టు,
గుండ్రం రంగుల కలిసిపోతే పారవోసుడే.
కండ్లు చికిలించి చూసింది.
"తెల్లగనే ఉన్నది."
ఆ మాట ఆమె అన్నది, నేను అనలే.

"రాత్రి పోరికి జర పెయ్యి కాలింది."
గింత వెచ్చదనం అడ్డం గాదన్న.
మంచం దిగనంత జరమైతే, వాంతులు తగ్గకుంటే
ఆగుదుము, డాక్టరమ్మకు చూపెట్టుదుము.

ఇగ నా వంతు.
"పోయినసారి ఏసినంక
దద్దుర్లు లేసుడు, మొకం వాచుడు, ఆయాసపడుడు ఉండెనా?
పోరికి గాని, ఇంట్ల ఇంకెవలికన్న గాని
రోగం తోటి కొట్లాడే సత్తువ లేదని
పెద్ద దవాఖాన్ల చెప్పిన్రా?"
లోపటికెంచి తల్లి సంతోష తల అడ్డంగ ఊపి
కార్డు తెచ్చింది.
ఆరువారాల సూది గడి నిండింది.
పద్నాలుగు వారాలది ఖాళీ.
"పత్తి ఏరవోతిమక్కా గప్పుడు."
సుక్కలు ఏసినమని సూది ఆపొద్దన్న,
బుధారం సెంటరుకు రమ్మన్న.

"ఏం గాదని ఒట్టువెట్టు" అన్నది ఈదమ్మ.

వెట్టలే.
లక్షల పిల్లలల్ల ఎక్కడనో ఒక్కరికి
కష్టం రావచ్చు, దాస్తే పాపం.
ఏసుకోకుంటే వచ్చే కష్టం
ఎట్లుంటదో చెప్పవోయిన.
"వడ్ల సోమిగాని కాలు" అన్నది ఆమే.
"ఒక్క రాత్రి జరం.
తెల్లారి వాళ్లవ్వ నిలవెడితే
కాలు బట్టపేలిక లెక్క ఏలాడింది.
అది మా బోరింగు పని గాదు."

మల్ల నెమ్మదిగ,
"ముందుగాల నా నోట్లె ఎయ్యి.
ఒక్కటి గాదు. దానికెన్నో నాకూ అన్ని."

ఐదేండ్ల లోపోళ్లకే రాసియున్నది రిజిష్టర్ల.
డెబ్బై ఏండ్లకు గడి లేదు.
ఏసిన.

నోరు మూసుకొని
చానాసేపు సప్పుడు జెయ్యలే.
అరుగు కింద కోడి తన పిల్లలను ఇసుకల తిప్పుతున్నది.
"చేదున్నది, ఉప్పగ గూడ."
మల్ల జరసేపు.
"తియ్యగుంటే ఎయ్యనియ్యకపోదు."

పక్కకు జరిగింది, మొత్తం మనిషి.

పోరి మొకం ముడిసి నాలుక బయటవెట్టి
అన్యాయం జరిగినట్టు ఏడ్చింది.
ఎడమచేతి చిటికెనవేలు గోటికి సిరా పూసిన.
తలుపు మీద సుద్దతోటి రాస్తుంటే
ఎనుకకెంచి ఈదమ్మ,
"గంత పెద్దగ రాస్తవేందే,
నిన్ననే సున్నమేసినం."

మాపటికి సూపర్వైజరు సీసా ఎత్తిచూసిండు.
ఇరవై మందికి సరిపోయేది.
రిజిష్టర్ల పందొమ్మిది పేర్లు.
"ఇంకొకరిది ఏమాయె?"

ఒలికింది సార్ అన్న.
రాయమన్నడు.
రాసిన.