ఎడమ పక్క పెట్టె

చర్చి వీధిలో అంగడి మూసేస్తా
పదమూడు నూర్లకి ఇచ్చేసినాడు దస్తగిరి,
అయిదు పెట్టెలు, ఒక బుంగ.
కొంగారెడ్డిపల్లె దాకా ఆటోలో అవి కూర్చున్నాయి,
నేను అంచున వేలాడతా వచ్చినా.

తీగలు మూడు. పచ్చది, నల్లది, నారింజది.
ల్యాప్‌టాపుకి బెజ్జం ఒకటే.
ముగ్గురు చుట్టాలొచ్చిన ఇంట్లో ఒంటి మంచం.
పచ్చది గుచ్చితే ముందు రెండే పలికినాయి,
వెనకవి గోడకి మొగం పెట్టి అలిగినాయి.

మళ్లీ బజారు. మళ్లీ నాలుగు నూర్లు,
బొటనవేలంత సౌండు కార్డుకి.
సెట్టింగుల్లో దూరి, దూరి,
స్టీరియో తీసేసి అయిదు పాయింట్ ఒకటి నొక్కినా.

టెస్టు శబ్దం బయల్దేరింది,
రాత్రి వాచ్‌మన్ మాదిరి ఒక్కో మూలా తట్టుకుంటా.
ముందు ఎడమ. ముందు కుడి. నడిమిది.
బుంగ పలికితే
అలమరలో ఇత్తడి చెంబు గిలగిలలాడింది.

అక్క ధనకోటి గడపలో నిలబడి చూస్తా ఉంది.
తొమ్మిది సీజన్లు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
బాయిలరు పక్కన పనిచేసి
ఎడమ చెవిని ఆడనే వదిలేసి వచ్చిన మనిషి.
"చుట్టూ వినిపిస్తాదంటివే.
నాకు చుట్టూ అంటే సగమే కదరా."

నేను తలెత్తలేదు.
బాగానే ఉన్న ముడిని విప్పి మళ్లీ కట్టినా.

శబ్దం వెనక ఎడమకి వచ్చింది.
అక్క వంగింది. జ్వరం చూసినట్టు
పెట్టె మీద అరచెయ్యి పెట్టింది.
చానాసేపు తీయలేదు.

"పలకతా ఉండాది" అనింది.
"కొంచిం పెంచు."