ఉతుకుడు గది

ఆటంటే ఏమిటని నన్నెవరూ అడగరు.
సాంతోన్యా మైదానంలో, మెట్ల కింద గదిలో
ఇరవై ఆరేళ్లు బట్టలుతికాను. నాకు తెలిసింది చెబుతాను.
ఫార్వర్డుల చొక్కాలు చెమట వాసన వేస్తాయి, అంతే.
గోల్‌కీపరుది మోచేతుల దగ్గర చిరుగుతుంది.
డిఫెండరు చొక్కా బల్ల మీద పరిచి చూడండి,
మైదానం మొత్తం పటం గీసినట్టు ఉంటుంది.

ఎలాదియో సోమార్రిబా పంతొమ్మిదేళ్లకు వచ్చాడు.
వాళ్లమ్మ నెత్తళ్ల ఫ్యాక్టరీలో
ఉప్పులో మాగిన చేపలకు ముళ్లు తీసేది.
వీడి బూట్ల సంచిలోనూ అదే ఉప్పు వాసన.
నాలుగో నంబరు చొక్కా ఇస్తే
భుజాల మీంచి జారిపోయింది.
"పెరుగుతాలే" అన్నాడు.
పెరిగాడు.

ఎడమ తుంటి దగ్గర పచ్చిక మరక
ప్రతి ఆదివారం, సరిగ్గా అక్కడే.
తలుపు నెట్టి మూసే మనిషి
ఎప్పుడూ ఒకే భుజం ఆనించినట్టు.
కుడివైపు జారేవాడే కాదు.
ఈ సంగతి కోచ్‌కి తెలీదు,
ఎదుటి జట్టుకి అసలే తెలీదు,
సబ్బు నీళ్లకీ నాకూ తెలుసు.

ఇరవై ఆరో ఏట
దక్షిణాదిన ఎండల ఊరి క్లబ్బు వాళ్లు వచ్చి తీసుకుపోయారు.
ఫస్ట్ డివిజన్. టీవీలో చూశాను, తెల్ల చొక్కా.
అయ్యో, ఆ మరకతో అక్కడి మనిషి ఏం పడుతుందో అనుకున్నాను.
పదకొండు మ్యాచ్‌లు బాగానే ఆడాడు.
పన్నెండో దాంట్లో, ఇంకో నిమిషంలో అయిపోతుందనగా,
బయటికి తన్నబోయిన బంతి మోకాలికి తగిలి
సొంత వలలోకే వెళ్లి పడుకుంది,
ఊరంతా తిరిగి ఇల్లు చేరిన కుక్కలా.
మర్నాడు పేపర్లన్నీ అతన్ని ఉతికి ఆరేశాయి.
ఉతకడం వాళ్లకేం తెలుసు!
ముందు నానబెట్టాలి.
కాలరు లోపలివైపు తిప్పి చూడాలి.
గట్టిగా పిండితే కుట్లు ఊడతాయని తెలిసుండాలి.

మోకాలి మీద రెండు కోతలతో తిరిగొచ్చాడు.
అప్పటికి మా క్లబ్బు ఒక మెట్టు దిగింది,
జీతాలు రెండు నెలలకోసారి,
సముద్రం మీంచి అడ్డంగా కొట్టే వానలో
గొడుగులు లెక్కపెడితే నాలుగు వందలు.
మా స్కోరుబోర్డు రేకులది, చేత్తో తగిలించాలి.
మూడు, నాలుగు తుప్పు పట్టాయి.
సున్నా రేకు మాత్రం
పట్టుకుని పట్టుకుని అంచులు నున్నబడింది.
అందులో ఎలాదియో వాటా ఎంతో
ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ముప్పై ఏడో ఏట, మే నెల, ఆఖరి ఆదివారం.
ఆ రోజూ సున్నా, సున్నా.
దండలు లేవు. ఎవరో ముసలాయన గొడుగు ఊపాడు.
గంట తర్వాత ఈ గది గుమ్మంలో నిలబడి
"ఒబ్దులియా, నాది ఉతకొద్దు, అట్లాగే దాచుకుంటాను" అన్నాడు.
అప్పటికే మిషన్ తిరుగుతోంది.
ఏం చెయ్యను, మరక ఎండనిస్తే పోదు,
ఇన్నేళ్ల చెయ్యి ఊరుకోదు.

నవ్వాడు. బకెట్ బోర్లించి కూర్చుంటుంటే
మోకాలు టక్కుమంది.
ఇద్దరం గుండ్రటి గాజులోకి చూశాం.
నురగలో నాలుగు కనబడింది, పోయింది,
ఎవరిదో తొమ్మిది దాని మీద పడింది,
మళ్లీ వెనకపడింది.
మెడ తిప్పకుండా కళ్లతోనే వెంబడించాడు,
ఎవరెటు పోతున్నారో మనసులో రాసుకుంటూ.
తొమ్మిది ఒక్కసారిగా గాజుకి అతుక్కుని ముందుకొచ్చింది.
ఎలాదియో కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది,
ఆఫ్‌సైడ్ అన్నట్టు.
దించడం మరిచిపోయాడు.
నేను గుర్తు చెయ్యలేదు.

తీసి ఆరేశాను. ఎడమ తుంటి దగ్గర
లేత ఆకుపచ్చ కొంచెం మిగిలే ఉంది.
ఆరాక వచ్చి పట్టుకెళ్లమన్నాను.
ఇప్పుడు రేవులో ఐసు లారీ నడుపుతున్నాడట,
తీరిక లేదట.
వానొస్తే లోపల వేస్తాను,
ఎండొస్తే బయట.