గీసిన గీత

సెతూబల్ రేవులో కూల్చేసిన సార్డీన్ ఫ్యాక్టరీకి
మిగిలింది ఈ ఒక్క ఫోటో.
మడత పెట్టి పర్సులో దాచుకుంది జుల్మీరా,
ముప్ఫై ఏళ్ళు అక్కడ చేపల తలలు కోసిన మనిషి.

స్కాన్ చేశాను.
రంగులన్నీ వలిచేశాక
నల్లటి తెర మీద తెల్లటి అంచులు:
గేటు, పొగగొట్టం, పదకొండు కిటికీలు.
"ముళ్ళు మిగిల్చావు, కండ ఏదీ?" అంది.

కండకి ఇంకో బొమ్మ కావాలి.
ఏ పసుపో, ఏ తుప్పో, ఎలాంటి ఎండో
మాటల్లో చెప్పి చూస్తే మెషీను
పెళ్ళి కేకులాంటి మేడ కట్టిపెట్టింది.
జుల్మీరా సంచీలోంచి ఖాళీ డబ్బా మూత తీసింది.
"గోడలు ఇదే రంగు. ఇంకాస్త జిడ్డు."

గీసిన గీత దాటదు నా మెషీను.
పట్టు బిగిస్తే గోడ పెచ్చుల్ని కూడా ఇనప తీగలు చేస్తుంది,
వదిలేస్తే పొగగొట్టాన్ని చర్చి గంటల గోపురం చేస్తుంది.
సున్నా పాయింట్ ఏడు దగ్గర ఆపాను.

గోడ వచ్చింది. గేటు వచ్చింది.
గేటుకీ గోదాముకీ మధ్య
గాల్లో అడ్డంగా ఒక తాడు.

ఫోటో మడత అది.
దాన్నీ అంచే అనుకుంది, పిచ్చిది.
చెరిపేద్దామని మౌస్ కదిపానో లేదో
నా మణికట్టు పట్టుకుంది జుల్మీరా.

"అక్కడ తాడెప్పుడూ లేదు.
కట్టమని మూడుసార్లు అడిగాం, కట్టలేదు.
తడి ఏప్రన్లతోనే ఇళ్ళకి పోయేవాళ్ళం."

కాసేపు తెరనే చూసి
"ఉండనీ" అంది.
"దాని మీద ఒక ఏప్రన్ వెయ్యి.
ఎడమ జేబు చిరిగి ఉండాలి."

ఆ చిరుగుకి అంచు నేనే గీశాను,
చేత్తో.