పసుపు బిరడా

వెనకవైపు బోల్టులు ముందు వదులు చెయ్యాలి.
ఈ ట్రేకి నూనె వదిలే మర లేదు,
చేసినవాడికి మన చొక్కా మీద దయ లేదు.

నార్త్ డకోటా, అక్టోబరు చివరి శనివారం.
షెడ్డు తలుపు సందులోంచి గాలి
మొక్కజొన్న పొట్టు తెచ్చి నా మోకాళ్ల దగ్గర పోస్తోంది.
అట్టపెట్టె చించి పరుచుకుని
వెల్లకిలా పడుకున్నాను వెర్లిన్ ట్రక్కు కింద.
ఇప్పుడు నాదే. ఏప్రిల్లో కొన్నాను
ఆర్డిస్ దగ్గర, రెండువేల నాలుగొందల డాలర్లకి,
పీచు పళ్ల జాడీలు డజను కొసరు.
ఐనా నోటికి వెర్లిన్ ట్రక్కనే వస్తుంది.

రెండో గేరు నుంచి మూడోదానికి పోయేటప్పుడు
గడప దగ్గర తటపటాయించే చుట్టంలా
ఈ మధ్య ఒక్క క్షణం ఆగుతోంది.
"ఆయిలు మార్చి చూడు" అన్నాడు విత్తనాల కొట్టు డ్వేన్,
"ఎప్పుడూ మార్చనిదైతే మాత్రం ముట్టుకోకు,
పాత మురికే దాన్ని నిలబెడుతుంటుంది."
మార్చారు. సాక్ష్యం ఉంది.
డాష్‌బోర్డు సొరుగులో వెర్లిన్ నోటుబుక్కు,
పెన్సిలు రాత, గుండ్రటి అంకెలు:
గేరు ఆయిలు మార్చాను. మూడుచోట్ల, మూడు తేదీలు,
పక్కనే మైళ్లు.

పదకొండో బోల్టు తిప్పుతుండగా
ట్రే ఒక మూలకి వంగింది.
ముందు సన్నటి ధార, తర్వాత పళ్లెం పట్టనంత.
ఎర్రగా ఉండాల్సింది
చర్చి నేలమాళిగలో పొద్దుటినుంచీ మరిగిన కాఫీలా ఉంది.
మోచేతి దాకా, చంకలోకి, చెవిలోకి.
నోటికొచ్చినవన్నీ తిట్టాను. ట్రక్కు పలకలేదు.

ట్రే వెలుతుర్లోకి లాగాను.
అయస్కాంతం మీద నల్లటి ముద్ద, కాటుకంత మెత్తన,
వేళ్లతో నలిపితే గరుకు తగల్లేదు. మంచిదే.
అడుగున ఆ బురదలో
బొటనవేలంత పసుపు ప్లాస్టిక్ బిరడా.

అదేమిటో నాకు తెలుసు.
దుమ్ము పడకుండా ఫ్యాక్టరీలో గొట్టానికి పెడతారు,
బిగించే రోజున లోపలికి తోసేస్తారు,
ట్రేలోనే పడుంటుంది
మొదటిసారి విప్పినవాడు తీసి పారేసేదాకా.

మొదటిసారి విప్పినవాడు.

ఇరవై ఆరేళ్లు. దీని కడుపు ఎవరూ చూడలేదు.

ఆర్డిస్ గుమ్మడి రొట్టె పట్టుకుని వచ్చింది,
పొలానికి అడ్డంపడి, మొగుడి రబ్బరు బూట్లలో.
దాచుదామనుకున్నాను. చెయ్యంతా జారుడు,
బిరడా దొర్లి ఆమె బూటు దగ్గర ఆగింది.
చెప్పక తప్పలేదు.
నోటుబుక్కు అడిగింది. కళ్లద్దాలు తేలేదు,
చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని చదివింది.
"ఇది పాడి ఆవుల్ని లారీ ఎక్కించిన మర్నాడు.
ఇది డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక.
నా డాక్టరు, ఆయనది కాదు."
మూడోదాని దగ్గర ఆగింది. చెప్పలేదు,
నేనూ అడగలేదు.

"మధ్యాహ్నమంతా దీని కిందే. బూట్లు మాత్రం కనిపించేవి.
రెంచి చప్పుడు వినపడేది కాదు.
ఆయిలు మారుస్తున్నానన్నాడు. సరే అన్నాను."
రొట్టె బానెట్ మీద పెట్టింది.
"ఒక్క మరక ఉండేది కాదు బట్టల మీద," అంది వెళ్తూ,
"ఉతికింది నేనేగా."

కొత్త ఫిల్టరు ఎక్కించడానికి మళ్లీ కిందికి దూరాను.
ఇక్కణ్ణుంచి లోకమంటే
తలుపు కింద జానెడు వెలుతురు,
అందులో దూరమవుతున్న వెర్లిన్ బూట్లు.
పని ఆపి కాసేపు అలాగే ఉన్నాను,
చెవిలో నూనె చల్లబడేదాకా.

గాస్కెట్. బోల్టులు మూల నుంచి ఎదురుమూలకి,
ఒకేసారి కాదు, కొంచెం కొంచెం.
గరాటులో ఐదు సీసాల ఎర్రటి కొత్త నూనె.
బ్రేకు తొక్కిపట్టి గేరు కర్రని
ఒక్కో గడిలో ఐదు అంకెలు లెక్కపెట్టి ఆపాను.

కంకర రోడ్డు మీద, దుంపల లారీల వెనక,
రెండు నుంచి మూడు.
ఇంకా ఆగుతోంది.
ఇదివరకటి కంటే తక్కువేమో. చెప్పలేను.
బిరడా జేబులో ఉంది.
నోటుబుక్కులో నాలుగో వరస ఇంకా రాయలేదు.