నలభై అడుగులు ముందు

రాత్రి పదకొండు దాటాకే మాకు రోడ్డు దొరుకుతుంది.
జాలరిపేట మలుపు దిగువన శంకువులు పేర్చి
డ్రమ్ములో తెల్లరంగు కాస్తాం.
చారలు పోసే బండి నాది, చీపురు బంగారినాయుడిది.
వాడు ఊడ్చేది ఇసక.
బీచి రోడ్డులో ఎన్నిసార్లు ఊడ్చినా ఇసకే.

మూడున్నరకి ఏడు చారలూ ఆరాయి.
నాలుగున్నరకి గరికిన నూకాలొచ్చింది
నెత్తిన గంపెడు కవళ్ళతో.
తడికాళ్ళు కొత్త చార అంచున ఆపి
"ఏటయ్యా ఈ ముగ్గు?" అంది.

దీనిమీద నడిస్తే బళ్ళు ఆగుతాయమ్మా అన్నాను.
నవ్వనైనా నవ్వలేదు.
లారీ. వెనకే ఫార్మా కంపెనీ బస్సు.
పాల ఆటో. మళ్ళీ లారీ.
ఆవిడ పెదాలు కదులుతున్నాయి,
పడవ దింపే ముందు కెరటాలు లెక్కపెట్టినట్టు.
పెద్దవి వదిలేసి
చిన్నది విరిగిన సందులో
గంప తొణక్కుండా అవతలికి పోయింది.
నా చారల మీంచి కాదు. పక్కనుంచి.

తిరిగొచ్చేసరికి ఎండెక్కింది, గంప ఖాళీ.
మేం స్తంభానికి గొయ్యి తవ్వుతున్నాం,
కాగితంలో గీసిన చోటే, చారల పక్కనే.
నీలం పలక చూపించాను, నడిచే మనిషి బొమ్మ.

"రాయి మీద దీపమెట్టి ఏటి లాబం?
రాయికి ముందర కనబడాల.
మావోడు దీపం సూసేది
పడవ కొండని గుద్దినాకేటి?"

గంప బోర్లించి కూర్చుంది. అడ్డపొగ పెట్టింది.
"మలుపు తిరిగేతలికి మడిసి ఎదరుంటే
ఆడు మాత్రం ఏటి సేత్తాడు.
మా యారాలు అలగే పోనాది."
ఎప్పుడని నేనడగలేదు.

చుట్ట అయ్యాక లేచి మలుపు వైపు నడిచింది.
కానుగ కొమ్మ ఒకటి, దాని కింద
ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, దండం పెడుతూ.
వాటిని దాటి మడమతో ఇసకలో గీత గీసింది.
"ఈడ."
లెక్కపెట్టాను. నలభై అడుగులు.

కాగితం ఇంజినీరుగారిది. గునపం మాది.
తవ్విన గొయ్యి పూడ్చాం.
మెమో వస్తాదిరా అన్నాడు బంగారినాయుడు.
అవుట్‌సోర్సింగ్ వాడికి మెమో ఏంట్రా, అన్నాను,
ఇద్దరం నవ్వుకుని కొమ్మ కొట్టేశాం.
ఫ్లెక్సీ జోలికి పోలేదు. దానికి ధైర్యం వేరే కావాలి.

పలక బిగిస్తుంటే తలెత్తి చూసింది.
"ఈడి నెత్తిన ఏటీ నేదే!
ఉత్తి సేతుల్తో ఈ రోడ్డు ఎవుడు దాటుతాడు?"
నల్ల స్టిక్కరు ముక్కొకటి మిగిలింది నా దగ్గర.
కత్తెరుంది. నిచ్చెన ఇంకా దింపలేదు.

గురువారం ఇంజినీరుగారొచ్చారు.
టేపు పరిచారు, కాగితం చూశారు, నన్ను చూశారు.
స్కూటరెక్కి మలుపుదాకా పోయి
అటునుంచి మళ్ళీ వచ్చారు.
పలక దగ్గర ఆయన కాలు తనంతట తనే బ్రేకు మీద పడింది.
ఏమీ అనలేదు. పాత అంకె కొట్టేసి కొత్తది రాసుకున్నారు.
బొమ్మ నెత్తిన గంప చూశారో లేదో తెలీదు.

అందరూ ఆగుతున్నారని చెప్పను.
నిన్న ఒక బుల్లెట్టు ఆగలేదు.
కానీ లారీల కీచుమనే చప్పుడు
చారల మీద వినబడేది, ఇప్పుడు మలుపులోనే వినబడుతోంది.

నూకాలు కూడా చారల మీదే నడుస్తోంది.
పెదాలు మాత్రం
ఇంకా కదులుతూనే ఉన్నాయి.