పెరుగులో గరిటె

మొదట పాత ఫ్యాన్ రెగ్యులేటర్ బిగించాను.
తప్పని తెలియడానికి ఒక్క రాత్రి చాలింది:
ఐదు మెట్లు. ఐదే.
విమానం లేవడం లేదు,
మేడమెట్లెక్కుతోంది.

రిచీ స్ట్రీట్‌లో చాపంత కొట్టు,
గోడనిండా అగ్గిపెట్టెల్లాంటి సొరుగులు.
"పది కే, లీనియర్, రెండు" అన్నాను.
"రేడియోకా అమ్మా?"
"విమానానికి."
ఆయన చిల్లర లెక్కపెట్టడం ఆపలేదు.

పాట్ ముప్పాతిక చుట్టు తిరుగుతుంది.
నా చేతికి కావలసింది జానెడు దూరం.
ఆ రెంటికీ మధ్య పొత్తు కుదర్చడానికి
పల్లావరం శుక్రవారం సంతకి వెళ్ళాను.
ఎవరి పెళ్ళి క్యాసెట్లు తిప్పిందో ఆ వీసీఆర్,
దాని పొట్ట విప్పించి
పెద్ద పళ్ళచక్రాలు రెండు, చిన్నవి రెండు
నలభై రూపాయలకి తెచ్చుకున్నాను.

పిడులు మాత్రం ఇంట్లోవే.
నా రూమ్మేట్ అముద కుక్కర్‌వి.
ఎడమ ఇంజనుకి పొడుగుది,
కుడి ఇంజనుకి పొట్టిది.
నల్లగా, వేడి తగలకుండా,
చేతిలో ఒదిగేట్టు ఎవరో ముందే ఆలోచించి పెట్టారు.

అన్నీ పనిచేశాయి. అదే చిక్కు.
వేలు తగిలితే చాలు, పూర్తి వేగం.
చెయ్యి తీస్తే ముక్కు కిందికి జారి సముద్రం.

కింది వాటాలో ఎతిరాజులు ఉంటాడు.
పదకొండేళ్ళు మీనంబాకంలో విమానాలు తుడిచాడు.
కాక్‌పిట్‌లో అద్దాలు తుడవొచ్చు, సీట్లు దులపొచ్చు,
లివర్లు మాత్రం కదపకూడదు.
ఒకసారి కదిపాడట.
ఒక్కసారే, ఎవరూ లేనప్పుడు.

ఆదివారం పైకొచ్చాడు. చేతులు కడుక్కున్నాడు.
"ముట్టుకోవచ్చునా పాపా?"
కళ్ళు మూసుకుని తోశాడు.
"ఇది కాదు. ఇది ఒట్టి గాలి."
"మరెట్లుంటుంది?"
చాలాసేపు తన అరచేతినే చూసుకున్నాడు.
"చిక్కటి పెరుగులో గరిటె పెట్టినట్టు.
తోస్తే వస్తాది. వదిల్తే
వదిలిన చోటే నిలబడతాది."

ఆ పెరుగు కోసం నెలన్నర తిరిగాను.
సైకిల్ బ్రేకు రబ్బరు పెట్టాను, కీచుమంది.
పాత చెప్పు తోలు పెట్టాను.
హార్మోనియంలు బాగుచేసే పెద్దాయన ఇచ్చిన
ఫెల్టు ముక్కకి కాస్త గ్రీజు పూసి,
రెక్కల నట్టు అరచుట్టు, పావుచుట్టు.
ప్రతి ఆదివారం ఎతిరాజులు తీర్పు:
"ఇది మజ్జిగ."
"ఇది గడ్డ."
"ఇది నిన్నటిది పాపా, పులిసింది."

ఈలోగా ఇంకో రోగం.
లివరు కదలదు, తెర మీద అంకె కదులుతుంది:
ఐదువందల పదకొండు, పన్నెండు, పదకొండు, పదమూడు.
క్రోంపేట ఆసుపత్రిలో ఈసీజీలు తీసేదాన్ని,
ఈ వణుకు నాకు తెలుసు.
ఏసీ చలికి రోగి ముడుచుకుంటే
కాగితం మీద గీత ఇట్లాగే గరుకెక్కుతుంది.
అక్కడైతే దుప్పటి కప్పుతాను.
ఇక్కడ చిటికెడు కెపాసిటర్ అతికాను.
నిదానించింది.

ఆరో ఆదివారమో ఏడోదో
ఎతిరాజులు ఏమీ అనలేదు.
తోశాడు, ఆపాడు, చెయ్యి తీశాడు.
నిలబడింది.
మళ్ళీ చెయ్యి వేశాడు, తియ్యలేదు.

సరిగ్గా అప్పుడే నిజం విమానం ఒకటి
మా డాబా నీళ్ళ ట్యాంకుని రాసుకున్నట్టు పోయింది.
కిటికీ అద్దం దడదడలాడింది,
లాప్‌టాప్ శబ్దం అందులో మునిగిపోయింది.
తెర మీది పల్లావరంలో మా ఇల్లు లేదు,
ఆకుపచ్చ మరక ఒకటుంది.
దాని మీదుగా ఆయన
పొడుగు పిడీ పొట్టి పిడీ కలిపి తోశాడు.
పొడుగుది ముందు పరుగెత్తింది,
విమానం కుడికి వాలింది.
"పక్కకి పోతాఉండాదే!" అని అరిచి,
అరిచినందుకు సిగ్గుపడి,
చెయ్యి మాత్రం తియ్యలేదు.

అముద ఇప్పటికీ కుక్కర్‌ని
పాత తువ్వాలుతోనే దించుతుంది.
కొత్త పిడులు కొనితెచ్చాను.
బిగించనివ్వదు.
"ఉండనీ," అంటుంది విజిల్ తీస్తూ,
"నాలుగింజన్లవి కూడా ఉంటాయిగా."