రెండున్నర

ఆరాధన పొద్దున్న ఎనిమిదికే ఉండాలని
నలభై మూడు సంతకాలు నేనే పోగుచేశాను.
కారణాలు బాగానే రాశాను:
ఎండ, బస్సులు, చంటిపిల్లలు, పార్కింగ్.
రాయనిది ఒక్కటే,
శుక్రవారం మధ్యాహ్నపు నిద్ర.

ఆరు రోజులూ ఏసీ డక్టుల్లో పాకే మనిషిని.
వారానికొక్కసారి అన్నం తిని, కర్టెన్ లాగి,
ఫోన్ బోర్లా పెట్టి పడుకుంటే
ఆ నిద్ర నాది.
కఫీల్‌ది కాదు, కంపెనీది కాదు.
దేవుడికి కూడా ఇవ్వబుద్ధి కాలేదు,
ఉన్న మాట.

అబ్బాసియాలో మా గుడి అంటే
లాండ్రీ పక్కన మెట్లు దిగితే తగిలే బేస్‌మెంట్.
మలయాళీలు, తమిళులు, నేపాలీలు, మేము
గంటల లెక్కన పంచుకునే హాలు.
ఎవరికీ అక్కర్లేక రెండున్నర ఖాళీగా పడి ఉండేది.
ఈ ఏడు కొత్తవాళ్ళెవరో వస్తున్నారట,
ఎనిమిదా, రెండున్నరా, ఏదో ఒకటి తేల్చమన్నారు.
తేల్చడానికేముంది?

మీటింగ్‌కి ముందు శుక్రవారం
లెక్కల పుస్తకం మర్చిపోయి
మూడింటికి మళ్ళీ వెళ్ళాను.

మెట్ల మీద చెప్పులు.
ఏడు జతలు.
తాళం వేసిన తలుపు ముందు
చెప్పులు విడిచి, తల మీద చున్నీ కప్పుకుని
ఏడుగురు ఆడవాళ్ళు.

"కూటం పొద్దున్నే అయిపోయిందమ్మా" అన్నాను.
"తెలుసన్నా" అంది దీవెనమ్మ, రాజంపేట మనిషి.
"శుక్రవారమొస్తే మా మామా ఇంట్లో ముప్పై మందికి వండాల.
డేగిశాలు తోమేసరికి రెండు.
మగ్రిబ్‌కంతా మళ్ళా లోపలుండాల."
"ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారిలా?"
"పోయిన రంజాన్ కాడ్నుంచి."
"ఎవరికైనా చెప్పొచ్చుగా?"
"ఎవరికి చెప్పాలన్నా?"
నిష్ఠూరం కాదది.
నిజంగానే ఆమెకు తెలీదు.

తాళంచెవి నా జేబులోనే ఉంది,
దాన్ని చుట్టుకుని సంతకాల కాగితం.

మీటింగ్‌లో బెన్హర్ అన్నాడు,
"ఎక్కువమంది ఎటంటే అటు. ఇందులో ప్రార్థించేదేముంది?"
పరంజ్యోతి గారు టీ గ్లాసు కింద పెట్టి
అయినా ప్రార్థన చేశారు. పొడుగ్గా.
నేను కళ్ళు మూసుకోలేదు.
పుస్తకం తెరిచి ఉంది,
నా చేతిరాతే నన్ను చూస్తోంది.

వారం వారం చివరి వరసలో ఒకే పద్దు:
నేల మీద దొరికినవి, ఒకటీ ముప్పావు దీనారు.
సంచీలోంచి జారినవనుకున్నాను ఇన్నాళ్ళూ.
తలుపు పక్కనే ఎందుకు జారతాయో అడగలేదు,
ప్రతివారం ఏడు పావు నోట్లే ఎందుకో అడగలేదు.
కూడిక సరిపోయింది కదా అని
గీత గీసేశాను.

ఏం మాట్లాడానో సరిగా గుర్తులేదు.
చెప్పులని మొదలుపెట్టి
డేగిశాల దగ్గర తడబడి
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాను.
చింపలేదు. అంత నాటకం నాకు చేతకాదు.
చేతులెత్తమంటే ఎత్తాను,
నా నిద్రకు ఎదురుగా.

అందరూ ఒప్పుకోలేదు.
బెన్హర్ వాళ్ళు సాల్మియాలో ఇంగ్లీషు కూటానికి వెళ్తున్నారు.
సంతకం పెట్టినవాళ్ళలో పదకొండు మంది
ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతారు.
వాళ్ళ పిల్లల్ని ఆ ఎండలో తెమ్మన్నది నేనేగా.

వాక్యం మధ్యలో నాకు ఆవులింతలు,
పెదవులు బిగించి మింగుతాను.
దీవెనమ్మ పాటలో ఎప్పుడూ
అందరికంటే ఒక మాట వెనక.
ఆ శ్రుతికి ఎవరికైనా నిద్ర పడుతుందా?

జూలై వచ్చింది. సిమెంటు పెనంలా ఉంది.
రెండుంపావుకే వచ్చి, సణుక్కుంటూనే,
లాండ్రీ అబ్బాయినడిగి బకెట్ తెచ్చి
మెట్ల మీద నీళ్ళు పోస్తాను.
ఆవిరి లేస్తుంది.
ఇంకో బకెట్.

చెప్పులు విడిచే చోటు
కాలకుండా.